పరపాలనమున సాక్ష్యము: రేనాటి పాటయుఁ బ్రచ్ఛన్న ఛాయాచిత్రమును

సాక్షి యనఁగా స్వయముగాఁ జూచినవాఁడు. సాక్షాత్తను శబ్దమునకు ద్రష్ట యను నర్థమునఁ బ్రత్యయమును విధించి పాణిని యీ పదమును సాధించెను. ధర్మశాస్త్రకారులు మఱియొక యడుగు ముందునకు వేసి, ఎదుట నిలిచి చూచుటచేతనే కాక చెవులార వినుటచేతను సాక్ష్యము సిద్ధించు ననిరి. వారే యింకొక నియమమును జేసిరి. వివాదవిషయమున లాభాలాభముల సంబంధము గలవాఁడు సాక్షిగాఁ దగఁడు.

చరిత్రకారుఁడు తగవు తీర్చు ధర్మాధికారి వంటివాఁడు. శాసనములు, కవిలెలు, కైఫీయత్తులు, దొరతనమువారి యుత్తరప్రత్యుత్తరములు ఆతని యెదుట నిలుచు సాక్షులు. ఒక దేశమును బరు లాక్రమించి యేలుచుండఁగా దేశీయులు వారి నెదిరించినప్పుడు ఈ సాక్షుల పరీక్ష మిక్కిలి కష్టమగును. ఏలయన వ్రాఁతసాధనములన్నియుఁ బాలకుల చేతిలో నుండును. పాలకుఁడు వివాదమున నొక పక్షమువాఁడు. ఎదిరించినవాఁడు రెండవ పక్షమువాఁడు. ఇరువురకును విషయసంబంధము కలదు. తటస్థుఁడు దొరకఁడు. అయినను సత్యనిర్ణయము జరుగవలయును. అట్టిచో నే సాక్ష్యము నెట్లు తూఁచవలయు నను విచారమునకు రెండు చరిత్రములు మిగులఁ దోడ్పడును. ఒకటి కడపమండలపు రేనాటి తిరుగుబాటు. రెండవది ద్వితీయ ప్రపంచసంగ్రామమున జర్మనుల యాక్రమణలోఁ జిక్కిన దేశములందు రహస్యముగా ఛాయాచిత్రములు దీసినవారి వృత్తాంతము. మొదటిచోట కెమెరా లేకపోయెను. రెండవచోట నది ప్రజల చేతికి వచ్చెను. ఈ భేదమువలన సాక్ష్యస్వరూపము స్పష్టముగాఁ దెలియును.

రేనాటి సాక్ష్యములు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను, వానితోఁ గలిసిన పెన్నా కుందూ తీరముల సీమను బూర్వులు రేనాఁ డనిరి. ప్రొద్దుటూరి కనతిదూరమునఁ గల కలమల్లలో రేనాటి చోడుఁడగు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనము కలదు. క్రీ.శ. 575 ప్రాంతమునదిగా నెంచఁబడు నిది తెలుఁగు శాసనములలో మిగులఁ బ్రాచీనమైనదిగాఁ బ్రసిద్ధి కెక్కినది. తెలుఁగుమాట రాతిపై నిలిచిన తొలిచోట్లలో నొకటి యీ సీమయే. కాని శాసనము రాజు పలుకు. ఏలువాఁడు తన్నుఁ గూర్చి తాను చెప్పుకొన్న వాక్యము. ప్రజల పక్షమున నిలిచిన రాయి వీరగల్లు. ఊరికొఱకును బసులకొఱకును బోరి పడినవాని రూపమును జెక్కించి నిలుపుట రాయలసీమ గ్రామములఁ జిరకాలముగా నున్న యాచారము. పడినవాని మూర్తిని గనులయెదుట నిలుపవలెనను కోరిక నేఁటి ఛాయాచిత్రమునకు మునుపే యీ వీరగల్లునఁ గానవచ్చుచున్నది.

1800వ సంవత్సరమున నైజాము నవాబు కడప, బళ్లారి సీమలను ఈస్టిండియా కంపెనీవారికి దత్తము చేసెను. 1807 వఱకుఁ బ్రధాన కలెక్టరుగా నుండిన టామస్ మన్రో యీ దత్తమండలములందలి యెనుబదిమంది పాలెగాండ్ర బలము నణఁచి, కొందఱిని వెడలఁగొట్టి, కొందఱికి భరణము లేర్పఱచెను. పులివెందుల ప్రాంతపు వేములయు నిట్టి పాలెమే. ఆ కాలముననే కర్నల్ మెకంజీ (1754–1821) యాదరణమున జమ్మలమడుగు మొదలగు నూళ్ల కైఫీయత్తులు సేకరింపఁబడినవి. 1820లోఁ గడపకు వచ్చిన సి.పి. బ్రౌను పిమ్మట మెకంజీ కూర్చిన స్థానికచరిత్రములకుఁ బ్రతులు వ్రాయించి కాపాడెను. వీరిరువురకును దెలుఁగువారు ఋణపడియున్నారు. అయినను గ్రామకరణము కైఫీయత్తును జెప్పినది కంపెనీవారి యుద్యోగి కని మఱువరాదు. భయమో మొగమాటమో యచ్చటచ్చట నాతని కలమును బట్టియుండును.

1846వ సంవత్సరపుఁ దిరుగుబాటునకు నాయకుఁడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. ఉయ్యాలవాడయుఁ గోయిలకుంట్లయు నప్పుడు కడపమండలములోనివే. 1858లోఁ గర్నూలు మండలమునఁ జేరినవి. నరసింహారెడ్డి నొస్సము పాలెగాఁడగు జయరామిరెడ్డికి దౌహిత్రసంబంధమువాఁడు. ఆయన యింటికిఁ గంపెనీవా రిచ్చు భరణము నెలకుఁ బదునొకండు రూపాయలకుఁ బైచిల్లర మాత్రమే. ఆ కాలముననే గ్రామములఁ గాపు కాయు కట్టుబడి బంట్రోతుల యినాములు దొరతనమువారు తీసికొనుటచేత నా కుటుంబములవారు జీవనాధారము కోలుపోయిరి. వారు రెడ్డిని జేరిరి. జూలై మాసమునఁ గోయిలకుంట్ల ఖజానాపై దాడి జరిగెను. అక్టోబరులోఁ బేరుసోమలకడ రెడ్డి పట్టుపడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదిని గోయిలకుంట్లలో జనులయెదుట నాతని నురిదీసిరి. తలను గోటపై వ్రేలాడఁగట్టి 1877 వఱకు, అనఁగా ముప్పదియేండ్లు, అట్లే యుంచిరి.

ఈ వృత్తాంతమునకు సాక్షు లెవరు? దొరతనమువారి లేఖ లొకవైపు. వానిలో నాయన భరణము విషయమున నసంతుష్టుఁడై కల్లోలమునకుఁ దెగించినవాఁడు. తంబురయు గుమ్మెటయుఁ బట్టి యూరూరఁ దిరుగు గాయకుల పాట రెండవవైపు. దానిలో నాయన రేనాటి సూర్యుఁడు. మూఁడవ సాక్షి కోటపై వ్రేలిన తల. తలను గట్టించినవారి తాత్పర్యము భయోత్పాదనము. చూచినవారికిఁ గలిగిన భావము వేఱు. ముప్పదియేండ్లు దారినిఁ బోవువాఁడెల్ల దానిని జూచెను. చూచినవాఁడు బిడ్డలకుఁ జెప్పెను. చెప్పినదానిని గాయకుఁడు పాడెను. పాలకులు భయపెట్టుటకు నిలిపిన గుఱుతే ప్రజలకు జ్ఞాపకచిహ్న మయ్యెను.

పారిసునగరమున డాగేరు కనిపెట్టిన ఛాయాచిత్రవిద్య 1839లోనే లోకమునకుఁ బ్రకటింపఁబడెను. నరసింహారెడ్డి యురికంబ మెక్కునాఁటికి దాని కెనిమిదేండ్లైనను నిండలేదు. ఆ పరికరము పెద్దది, బింబము నిలుచుటకుఁ జాలసేపు పట్టును, ధనవంతులకే యందును. కావున రేనాటి తిరుగుబాటునకుఁ గంటి సాక్ష్యము జనుల కంటితోనే పోయెను; చెవి సాక్ష్యమగు పాట మిగిలెను.

కెమెరా సామాన్యుని చేతికి వచ్చుట

ఇరువదవ శతాబ్దమున నీ స్థితి మాఱెను. 1925లో లైకా యను చిన్న కెమెరా యంగడులకు వచ్చెను. చలనచిత్రములకు వాడు సన్నని ఫిలిమే దానికిఁ జాలును; అరచేత నిముడును; కోటు క్రింద దాఁగును. ఇట్టి పరికరము పరపాలకుల క్రిందనున్న ప్రజల చేఁ బడినప్పు డేమి జరుగునో 1940–1945 సంవత్సరముల యూరపుఖండ చరిత్రమువలనఁ దెలియును.

1940 మే 10వ తేదిని జర్మనులు హాలెండుపైఁ బడిరి. అయిదు దినములలో నా దేశము లొంగెను. 1944వ సంవత్సరపుఁ జివరను ఆంస్టర్‌డాం నగరమున ఫ్రిట్జ్ కాలెన్‌బర్గు, టోనీ వాన్ రెంటర్‌హెం అనువా రిరువురు ఛాయాగ్రాహకులను రహస్యముగాఁ గూర్చిరి. మొదటివాఁడు జర్మనీనుండి శరణు వచ్చిన యూదుఁడు. రెండవవాఁడు డచ్చి సేనాధికారి. కాస్ ఓర్థాయ్స్, ఎమ్మీ ఆండ్రీస్, చార్లెస్ బ్రెయెర్, కారెల్ బ్లేజర్, అడ్ విండిగ్ మొదలగువారు ఈ గోష్ఠిలోనివారు. ఆ నవంబరులో నాక్రమణాధికారులు బహిరంగస్థలములఁ జిత్రములు దీయరాదని శాసించిరి. బ్రెయెర్ తన కెమెరాను సైకిలుసంచిలో దాఁచి చిత్రములు దీసెను. తక్కినవారును జేసంచులలోఁ గోటులలో దాఁచుకొని తీసిరి. కంటి కెత్తి గుఱి చూచుట సాధ్యము కాదు. నడుముకడనుండియే గుఱి యూహింపవలయును. అందుచేతఁ బెక్కు చిత్రములు వాలియుండును. అంచులఁ గోటుబట్ట నీడలు పడియుండును. ఈ లోపములే యవి యెట్టి దశలోఁ దీయఁబడినవో చెప్పు గుఱుతులు.

వారు తీసినవి ముఖ్యముగా నాఁకలిచిత్రములు. 1944–45 శీతకాలమునఁ బశ్చిమ హాలెండునకుఁ దిండియు బొగ్గును రాక యిరువదివేలమందికిఁ బైగా మడిసిరి. ఖాళీ గిన్నె చేతఁబట్టిన బాలుని చిత్రమొకటి ఆండ్రీస్ తీసినది, నేఁటికిని బ్రసిద్ధము. ఈ గోష్ఠివారి చిత్రములు కొన్ని లండనులోనున్న డచ్చి ప్రభుత్వమునకు రహస్యముగాఁ బోయెను. స్వదేశమున నాఁకలి యెంత ఘోరముగా నున్నదో తెలిసి సాయము పంపవలెననియే వాని నంపిరి. కావున నీ చిత్రములు చరిత్రకొఱకు దాఁచిన సాక్ష్యములు మాత్రమే కావు. అప్పటి ప్రాణరక్షణమునకై చేసిన విన్నపములుఁ గూడ. 1945లో హాలెండు విడుదల పొందిన వెంటనే యాంస్టర్‌డాములోఁ బ్రదర్శన జరిగెను. గోష్ఠికి 'అజ్ఞాతవాసమునందలి కెమెరా' యను నర్థము గల పేరు దానివలన వచ్చినదే.

ఘెట్టోలలోని సాక్షులు

హాలెండులోని వారికి దొరికినచో శిక్ష. పోలెండు, లిథువేనియా దేశములందలి యూదులకు దొరికినను దొరకకున్నను మరణమే. పోలెండులోని లోడ్జ్ నగరమున 1940లో యూదులను లక్షకుఁ బైగా నొక వాడలో నిర్బంధించిరి. అట్టి నిర్బంధవాడకు ఘెట్టో యని పేరు. హెన్రిక్ రాస్ (1910–1991), మెండెల్ గ్రాస్‌మాన్ (1913–1945) అను నిరువురు ఛాయాగ్రాహకుల కచ్చటి గణాంకశాఖలో నుద్యోగము దొరకెను. గుర్తింపుచీటులకును గార్ఖానాల వర్ణనలకును జిత్రములు దీయుట వారి పని. ఆ పనికై యిచ్చిన ఫిలిములోనే యాఁకలిని, దేశాంతరము పంపుటను, శవములను రహస్యముగాఁ దీసిరి. గ్రాస్‌మాన్ హృద్రోగి. అతఁడు కోటుజేబులు లోపల కోసి, చేతులు జేబులలోనున్నట్లు కనఁబడఁగా లోపలినుండియే కెమెరాను నడపెడివాఁడు. రాస్ ఒకనాఁడు రైలునిలయమునఁ బనిచేయు మిత్రుల సాయమున సిమెంటుకొట్టులో దాఁగి, పలకలోని రంధ్రముగుండ రైలుపెట్టెలలోఁ గుక్కఁబడుచున్న జనులఁ జిత్రించెను.

1944లో ఘెట్టోను నిర్మూలించుచుండఁగా రాస్ తన నెగటివులను భూమిలోఁ బాఁతిపెట్టెను. యుద్ధానంతరము త్రవ్వి తీసెను. సుమా రాఱువేలలో సగము తడికిఁ జెడెను, సగము మిగిలెను. ఆ చిత్రములు 1961లో యెరూషలేమున జరిగిన ఐష్‌మాన్ విచారణలో సాక్ష్యముగాఁ జూపఁబడినవి. గ్రాస్‌మాన్ పదివేల నెగటివులను దన గది కిటికీచట్రములో దాఁచెను. 1945లో ఖైదీలను నడపించుకొనిపోవుచుండఁగా దారిలో మరణించెను. ఆతని నెగటివులు పాలస్తీనా చేరియుఁ 1948 యుద్ధమున నశించెను. మిత్రులు కాపాడిన ముద్రితచిత్రములు మాత్రము నిలిచినవి. ఒకేచోట, ఒకే యుద్యోగమున నుండి, ఒకే సాహసము చేసినవారి సాక్ష్యములకు భిన్నగతులు పట్టినవి. సాక్ష్యము పుట్టుట యెంత ముఖ్యమో దాఁగి నిలుచుట యంతకంటె ముఖ్యము.

లిథువేనియాలోని కోవ్నో ఘెట్టోలో చిత్రములు దీసిన జార్జి కడీష్ పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించు నుపాధ్యాయుఁడు. అతఁడు తానే కెమెరాను సవరించి కోటుబొత్తము రంధ్రముగుండఁ జిత్రములు దీసెను. జర్మనుల వైద్యశాలలో ఎక్సురే యంత్రములు బాగుచేయు పని యాతని కుండెను. ఫిలిము నక్కడనే కడిగి, చంకకఱ్ఱల బోలుగొట్టములలో దాఁచి వెలికిఁ దెచ్చెను. 1941లోఁ జంపఁబడిన పొరుగువాఁ డొకఁడు చనిపోవుచుఁ దన నెత్తుటితోఁ బ్రతీకారమను నర్థము గల మాటను నేలపై వ్రాసెను. కడీష్ ఆ యక్షరములఁ జిత్రించెను. చిత్రములు దాఁచిన రహస్యము జుపోవిట్జ్ అను ఘెట్టో రక్షకాధికారికిఁ దెలియును. 1944లో జర్మనులు పట్టుకొని హింసించినను నాతఁడు నోరు విప్పక ప్రాణములు విడిచెను. కడీష్ తప్పించుకొనిపోయి, పిమ్మటఁ దిరిగి వచ్చి, కాలిపోయిన ఘెట్టోను జిత్రించి, పాఁతిపెట్టిన వానిని వెలికిఁ దీసెను. సాక్ష్యము నిలిపినవాఁడు చిత్రము దీసినవాఁ డొక్కఁడే కాఁడు. మౌనము పాటించిన వాఁడును గూడ.

నాలుగు చిత్రములు

1944 ఆగస్టున ఆష్విట్జ్ నిర్బంధశిబిరమునందు నాలుగు చిత్రములు పుట్టినవి. విషవాయువుచేఁ జంపఁబడినవారి శవములను గాల్చు పనికి నియోగింపఁబడిన ఖైదీలే వానిని దీసిరి. గ్రీకుదేశపు యూదుఁడగు అల్బెర్టో ఎరెరా కెమెరా పట్టినవాఁడని పరిశోధకుల నిర్ణయము. పోలిష్ ఖైదీల సాయమున కెమెరా లోనికి వచ్చెను. ఫిలిము దంతధావనలేపపు గొట్టములోఁ జుట్టి క్రాకో నగరమునకుఁ బంపఁబడెను. రెండు చిత్రములు వాకిటి చీఁకటిలోనుండి దీసినవి. గోతులఁ గాలుచున్న శవములు వానిలోఁ గానవచ్చును. మూఁడవది చెట్లనడుమ మరణమునకుఁ దఱుమఁబడు స్త్రీలది. నాలుగవదానఁ జెట్లకొమ్మలు మాత్రమే యున్నవి.

యుద్ధానంతరము వీనిని బ్రకటించినవారు చీఁకటిచట్రమును గోసివేసి, బొమ్మను బెద్దది చేసి, కొన్నిటి రేఖలను దిద్దిరి. చూచువారికి సులభముగాఁ దెలియవలెననియే వా రట్లు చేసిరి. కాని గోసివేసిన చీఁకటియే యీ చిత్రమెచ్చటనుండి, యే భయముతోఁ దీయఁబడినదో చెప్పునది. కొమ్మలు మాత్రముగల నాలుగవ చిత్రము ద్రోసివేయఁదగినట్లు తోఁచును. నిజమునకుఁ దీసినవాని పరుగునకు నదియే సాక్ష్యము. ప్రాచీనశాసనమునఁ జెడిన యక్షరములను దోఁచినట్లు పూరించు పరిష్కర్తయు నిట్టి యపరాధమునకే పాల్పడును. లిపి చెడినచోఁ జెడినదని చూపవలయునేకాని నింపరాదు.

పాలకుని చిత్రమే పాలకునిపై సాక్ష్యమగుట

కోయిలకుంట్ల కోటపై వ్రేలిన తలవలెనే పాలకులు తమ గర్వమునకుఁ దీయించుకొన్న చిత్రములు వారి మెడకే చుట్టుకొనిన సందర్భములు గలవు. స్పెయినువాఁడగు ఫ్రాన్సిస్కో బొయిష్ (1920–1951) మౌథౌసెన్ శిబిరమున ఖైదీ. అచ్చటి జర్మనుల ఛాయాచిత్రశాలలోఁ బనిచేసెను. నెగటివులను దొంగిలించి, శిబిరము వెలుపలఁ బనికిఁ బోవు స్పానిష్ బాలురచే బయటికిఁ బంపెను. అన్నా పాయింట్నర్ అను గ్రామస్త్రీ తన తోటగోడలో వానిని దాఁచెను. 1946 జనవరిలో నూరెంబర్గు న్యాయస్థానమున బొయిష్ సాక్షిగా నిలిచి యా చిత్రములను జూపెను. శిబిరము నెఱుఁగ నన్న కాల్టెన్‌బ్రూనర్ అను ముద్దాయి యా చిత్రములలో శిబిరముననే నిలిచియుండెను.

ఫే షుల్మన్ (1919–2021) పోలెండులోని లెనిన్ అను నూర ఛాయాగ్రాహిణి. 1942 ఆగస్టు 14వ తేదిని జర్మను లా యూర 1850 మంది యూదులఁ జంపిరి. ఛాయాచిత్రవిద్య తెలిసినదని యామెను బ్రదుకనిచ్చి, తాము దీసిన చిత్రములఁ గడుగ నిచ్చిరి. వానిలోఁ దన కుటుంబమువారి శవములను జూచి యామె తనకై యొక ప్రతిని దాఁచుకొనెను. అటుపై నడవులకుఁ బోయి, ప్రతిఘటనదళమునఁ జేరి, రెండేండ్లు దళమువారి జీవనమును జిత్రించెను. దుప్పట్ల చాటున ఫిలిము గడిగెను; స్థలము మాఱునపుడు కెమెరాను మంటఁ బాఁతెను. పాలకుఁడు తీసిన చిత్రమును, పీడితురాలు తీసిన చిత్రమును నొకే చేత నుండుట యీమె విషయమునఁ గానవచ్చును.

ప్రమాణవిచారము

ఛాయాచిత్రము ప్రత్యక్షప్రమాణమనుట సహజము. కాని యది పరిమితప్రత్యక్షము. చట్రము వెలుపల నున్నది చూపదు. తేదియుఁ బేరుఁ జెప్పదు. రాస్ చిత్రములలో ఘెట్టోలోఁ గొంచెము సుఖముగా నుండినవారి విందులును గలవు. వానిని బ్రకటించుటకుఁ జిరకాలము జనులు వెనుదీసిరి. తమ పక్షమున కనుకూలము కాని సాక్ష్యమును దాఁచినచోఁ బీడితుఁడును బాలకునివలెనే సంబంధపడిన సాక్షి యగును. కనుకనే ప్రత్యక్షమునకు శబ్దము తోడు కావలయును. తీసినవాఁ డెవఁడు, ఎచ్చట, ఎప్పుడు, ఎట్లు దాఁచెను, ఎవరిచేతులు మాఱెను అను చరిత్రము చిత్రముతోఁ గలిసియున్నప్పుడే యది పూర్ణసాక్ష్యము. తటస్థులు లేనిచోట రెండు వైరిపక్షముల సాక్ష్యములు తమకుఁ దెలియకయే యేకీభవించిన భాగము బలవత్తరము.

ఈ న్యాయమునే రేనాటికిఁ జెల్లింపవచ్చును. కట్టుబడి యినాముల విషయమున దొరతనమువారి లేఖలును దిరుగుబాటున జేరినవారి స్థితియు నేకీభవించుచున్నవి. కాన నది సిద్ధము. నరసింహారెడ్డి స్వభావవిషయమున లేఖయుఁ బాటయు విరుద్ధములు. కావున నే యొక్కదానిని నమ్మి తీర్పు చెప్పరాదు. పాట కాలక్రమమునఁ బెరుఁగును. ఒక వీరుని సాహసము మఱియొకని కంటగట్టును. అయినను గాయకుఁడు పాడినది పరపాలనకాలముననే, పాలకుల యెదుటనే యని తలఁచినప్పుడు దానికొక గౌరవము కలుగును. కడీష్ కోటుబొత్తమువలెఁ దంబురయు నొక మఱుఁగే.

తెలుఁగునాటఁ గెమెరా సాక్ష్యమునకుఁ దెలంగాణ సాయుధపోరాటము (1946–1951) నిదర్శనము. కమ్యూనిస్టు పక్షపుఁ బత్రికలకుఁ జిత్రములు దీసిన సునీల్ జానా (1918–2012) ఆ పోరాటమునఁ దుపాకులు పట్టిన స్త్రీపురుషులఁ జిత్రించెను. ఆ చిత్రములను బ్రచురించువారు స్థలమును, గాలమును, వ్యక్తుల పేళ్లను సాధ్యమైనంతవఱకు నిర్ణయించి చేర్పవలయును. లేనిచో వీరులు బొమ్మ లగుదురు.

తంగిరాల వేంకటసుబ్బారావు మొదలగు పరిశోధకులు రేనాటి వీరగాథలను గాయకుల నోటినుండి సేకరించి మహోపకారము చేసిరి. మిగిలిన కృషి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతపుఁ బాఠశాలల పండితులకు జేరువలోనే యున్నది. పాటకుఁ బాఠాంతరములను వ్రాసికొనుట, పాడినవాని యూరును గురుపరంపరను గుర్తించుట, వీరగల్లులకుఁ బ్రతికృతులు దీయుట, పాతయిండ్ల గోడలపై వెలిసిపోవుచున్న ఛాయాచిత్రములలోనివా రెవరో పెద్దలు బ్రదికియుండఁగానే యడిగి వెనుకవైపున వ్రాయించుట యను నాలుగు పనులకు ధనము గాని యధికారము గాని యక్కఱలేదు. చెడినచోట నింపక, తెలిసినదానిని దెలిసినట్లే నిలుపు నిష్ఠ యొక్కటి చాలును. కోవ్నోలో నా పనికిఁ బూనినవాఁడును బడిపంతులే.